బాగున్న భుజం మీద ఐసుముక్కలు

భారతదేశానికి పదిమంది గోల్‌కీపర్లను తయారుచేసి ఇచ్చాను నేను.

ఈ వాక్యం రాసి, పెన్ను మూసి, బాల్కనీలో ఓ పావుగంట నిలబడి వచ్చాను. వచ్చి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. పదిమంది కాదు, నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు నా చేతికి వచ్చేనాటికే మంచి గోల్‌కీపర్లు. వాళ్ళను నేను పాడుచెయ్యలేదు, అంతే. అదేమీ చిన్న పని కాదు. మా వృత్తిలో చాలామందికి ఆ పాటి కూడా చేతకాదు.

నేనుండేది బెంగాల్లో, న్యూ టౌన్ అనే కొత్త పేటలో, పదకొండో అంతస్తులో. ఎదురుగా ఇంకా పునాది తవ్వని జాగా ఒకటుంది. సాయంత్రానికి పిల్లలు అక్కడ చేరతారు. ఇంత ఎత్తుకు వాళ్ళ అరుపులు రావు, బంతి తన్నిన చప్పుడూ రాదు. నీళ్ళ అడుగున చేపలు తిరిగినట్టు తిరుగుతారు. బంతి మెల్లగా లేచి, నా కళ్ళ ఎత్తుకు సగం దాకా వచ్చి, అక్కడ కాసేపు ఏదో ఆలోచించుకుని దిగిపోతుంది. చేతిలో టీ చల్లారిపోతుంది. ఏ ఊళ్ళో ఉన్నానో, ఏ వయసులో ఉన్నానో ఆ కాసేపు తెలియదు.

కోచింగ్ లైసెన్సుకి చదువుతున్న కుర్రాళ్ళు ఈమధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. వాళ్ళ ల్యాప్‌టాప్‌ల నిండా బాణం గుర్తులు. "రావ్‌దా, ఇరవై అయిదేళ్ళు జూనియర్ ఇండియా జట్లతో తిరిగారు, మాకేమైనా చెప్పండి" అంటారు. 'దా' అంటే ఇక్కడ అన్న అని. గెలిచిన మ్యాచ్‌లు చెబుతాను. వాళ్ళు రాసుకుంటారు. వాళ్ళు వెళ్ళిపోయాక సిగ్గేస్తుంది. అసలు చెప్పాల్సింది ఒక్కటే ఉంది. ఒక పిల్లవాడి నుంచి నేను యాభై ఆరు నిమిషాలు లాక్కున్నాను. ఎలా లాక్కున్నానో వాడికి తెలుసు, నాకు తెలుసు. వాళ్ళమ్మకు మాత్రం ఏళ్ళ తరబడి చెప్పలేదు. ఈ రాతంతా అక్కడికి చేరడానికే. దారిలో కొంత గొప్పలు పోతాను, ఓర్చుకోండి.

గడ్డి మీద పడుకోబెట్టడం

విదేశంలో మ్యాచ్ ఆడబోయే ముందురోజు మైదానం మనకు ఒక గంట ఇస్తారు. ఆ గంటలో మొదటి పావుగంట మా పిల్లలెవరూ బంతి ముట్టకూడదు. బూట్లు విప్పి గడ్డి మీద వెల్లకిలా పడుకోవాలి. "ఆకాశం చూడండిరా. రేపు బంతి ఇందులోంచే మీ మీదికి వస్తుంది. ముందుగా పరిచయం చేసుకోండి" అనేవాణ్ణి. ఆ పద్ధతి గురించి ఒక పత్రికాయన అడిగితే, పాదాల్లోని నరాలకూ కంటిచూపుకూ ఉన్న సంబంధం మీద నేను చాలా కాలం పరిశోధన చేశానని చెప్పాను.

పరిశోధనా లేదు, నరాలూ లేవు. మొదటిసారి ఆ పని చేయించిన రోజున బూట్ల ట్రంకుపెట్టె విమానాశ్రయంలోనే మరిచిపోయాను. సామాను బాధ్యత నాదే. పెట్టె కోసం మనిషిని పంపాను. ఇంతలో హెడ్‌కోచ్ కారు దిగడం కనిపించింది. ఆయన్ను మేమందరం చీఫ్ అనేవాళ్ళం. పిల్లలు వట్టికాళ్ళతో వరసగా నిలబడి ఉంటే నా ఉద్యోగం అక్కడే ఆఖరు. "పడుకోండిరా! అందరూ పడుకోండి!" అని అరిచాను.

చీఫ్ వచ్చి, నేలమీద పరుచుకున్న పద్దెనిమిది మంది పిల్లల్ని చూసి, "ఇదేమిటి రావ్?" అన్నాడు.

"గడ్డి చదువుతున్నారు సార్."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "బాగుంది" అన్నాడు.

చిత్రమేమిటంటే నిజంగానే బాగుంది. ఆ దేశపు ఆకాశం మన ఆకాశంలా ఉండదు. బాగా పైన ఉంటుంది, లేత బూడిదరంగు. మబ్బులు కూడా వేరే భాషలో కదులుతున్నట్టుంటాయి. ఇద్దరు పిల్లలు నిద్రపోయారు. ఒకడు లేచి, "సర్, ఇక్కడి గడ్డి కూడా గడ్డే" అన్నాడు. వాడి గొంతులో అంతవరకూ ఉన్న వణుకు పోయింది. అప్పట్నుంచి ఆ పావుగంటను వదల్లేదు. మా పనిలో సగం మంచి పద్ధతులు ఇలా పొరపాట్లకు పుట్టినవే. అందులో సిగ్గేమీ లేదు. తండ్రి ఎవరో మరిచిపోకుండా ఉంటే చాలు.

అర క్షణం

విదేశీ జట్లతో పిల్లల్ని ఎందుకు ఆడించాలి? ఇక్కడ నెల రోజులు క్యాంపు పెడితే సరిపోదా? ఇలా అడిగేవాళ్ళు ఉన్నారు. సరిపోదు.

మన దగ్గర షాట్ కొట్టేవాడు కొట్టబోతున్నానని ముందే చెబుతాడు. రెండడుగులు వెనక్కి వేస్తాడు, భుజం తిప్పుతాడు, కాలు బారెడు వెనక్కి లాగుతాడు. గోల్‌కీపరు ఆ ఉత్తరం తీరిగ్గా చదువుకుని దూకుతాడు. బయటి దేశాల్లో ఆ ఉత్తరం రాదు. నడుస్తూ నడుస్తూనే కొట్టేస్తారు. అర క్షణం తేడా. దాన్ని మాటల్లో నేర్పలేం. క్యాంపులో మన పిల్లల చేతే కొట్టిస్తే మన ఉత్తరాలే వస్తాయి. గోలు తింటే గాని ఆ అర క్షణం ఒంట్లోకి ఎక్కదు.

అందుకే చెబుతున్నాను, ఈ వయసులో మ్యాచ్‌కు స్కోరు చూడకండి, గోలుకూ గోలుకూ మధ్య తేడా చూడండి. మొదటి గోలుకు కదలనివాడు రెండో గోలుకు కదిలాడా? మూడోదానికి దూకాడా? జూనియర్ అంతర్జాతీయ మ్యాచ్ అనేది ఆ తేడాలు కనబడే ఒక పెద్ద కిటికీ. నాకు ఇదంతా మొదట్నుంచీ తెలుసని చెప్పాలని ఉంది. తెలుసు కూడా. తెలిసే చేశాను, అదే నా బాధ.

అప్పన్న

భవానీపూర్‌లో కార్పొరేషన్ క్వార్టర్స్ ఉన్నాయి. అక్కడ వీధులూడ్చే పనివాళ్ళలో చాలామంది మనవైపు నుంచి వచ్చినవాళ్ళే. మా నాన్న కూడా శ్రీకాకుళం నుంచే వచ్చి రేవులో క్రేన్ నడిపాడు. మేం మెటియాబ్రుజ్ పక్కన డాక్ క్వార్టర్స్‌లో పెరిగాం. కాబట్టి ఆ క్వార్టర్స్ వైపు వెళితే నాకు చుట్టాలింటికి వెళ్ళినట్టుండేది.

అప్పన్న అక్కడ దొరికాడు. పద్నాలుగేళ్ళవాడు, పొట్టి. రెండు ఇటుకల మధ్య నిలబడి, తనమీదికి వచ్చే ప్రతి బంతినీ తిట్టి మరీ పట్టుకునేవాడు. వాళ్ళమ్మ పైడమ్మ తెల్లవారుజామున వీధులూడ్చి, పది గంటలకు ఇంటికొచ్చేది. క్యాంపుకు పంపమని అడగడానికి వెళితే నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏటి బావూ, నా గుంటడు బంతి తన్నడేటి? ఒట్టినే పట్టుకుంటాడేటి?"

"పట్టుకోవడమే వాడి పనమ్మా. వాడు గోల్‌కీపరు."

"అంటే కాపలా."

"కాపలాయే."

"దీనికి క్యాంపు కావాలేటి? ఇంటికాడ మేకని కాయమంటే కాయడు."

పంపింది. రెండేళ్ళు నా దగ్గర ఉన్నాడు. చలికాలం పొద్దున్నే ఊరి నడుమ ఉన్న మైదాన్‌లో పొగమంచు కమ్మితే మూడు గజాల అవతల ఏమీ కనబడదు. మేకలు గోల్‌పోస్టుల మధ్య మేస్తుంటాయి. ఆ పొగమంచులోంచి వాడి మీదికి బంతులు విసిరేవాణ్ణి. వాటికి సబ్బు రాసేవాణ్ణి, జారిపోయే బంతిని పట్టినవాడికి మామూలు బంతి ఒక లెక్కా అని. సబ్బు బంతి నేను కనిపెట్టిందే. కాదు, మా డాక్ క్వార్టర్స్‌లో ముసలి కోచ్ ఒకాయన చేసేవాడు. ఆయన పోయాక నాదైంది. బంతి కనబడేది కాదు, చప్పుడు వినబడేది, ఆపైన ఎక్కడో తెల్లదనంలోంచి అప్పన్న గొంతు: "దొరికింది సారూ!" ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆ మాట వినబడి లేస్తాను.

పదిహేడేళ్ళలోపు జట్టు విదేశానికి వెళ్తున్నప్పుడు చీఫ్ వేరే గోల్‌కీపర్ని ఆడిద్దామన్నాడు. అతను అప్పన్న కంటే జానెడు పొడుగు. "ఎత్తు నేర్పలేం రావ్" అన్నాడు చీఫ్.

"చూపు కూడా నేర్పలేం సార్. వీణ్ణి ఆడించండి. నా మాట మీద."

ఆ చివరి మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. నేను పడింది అందులోనే.

ముప్పై నాలుగో నిమిషం

దేశం పేరు రాయను. వాళ్ళతో మనకు ఇప్పటికీ మ్యాచ్‌లున్నాయి. చలి దేశం. బంతి చల్లబడి రాయిలా తగిలేది. పిల్లల నోళ్ళలోంచి పొగలు వస్తుంటే వాళ్ళకు వాళ్ళే చూసుకుని మురిసిపోయారు. జాతీయ గీతం పాడేటప్పుడు అప్పన్న ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. ముందురోజు పావుగంట చూసిన ఆకాశమే అది.

ఆనాటి కథ నేను ఇన్నేళ్ళుగా ఇలా చెబుతూ వచ్చాను. అయిదో గోలు ఆపబోయి అప్పన్న పక్కకు దూకాడు. ఎడమ భుజం గోల్‌పోస్టుకు కొట్టుకుంది. కుర్రాడు పళ్ళు బిగబట్టి లేచాడు, ఎవరికీ చెప్పలేదు. అంతమందిలో ఆ నొప్పిని కనిపెట్టింది నేనొక్కణ్ణే. మ్యాచ్ పోతే పోయింది, పిల్లవాడి భుజం ముఖ్యమని వెంటనే బయటికి పిలిపించాను. ఈ కథను కోచ్‌ల శిక్షణ తరగతుల్లో చెప్పాను. చప్పట్లు కొట్టారు.

అందులో గోల్‌పోస్టు నిజం. మిగతాది నేను కట్టింది.

జరిగింది ఇది. మొదటి గోలుకు అప్పన్న కదల్లేదు. బంతి వలలో పడ్డాక వెనక్కి తిరిగి, ఇదెప్పుడొచ్చిందన్నట్టు చూశాడు. రెండోదానికి కదిలాడు. మూడోదానికి దూకాడు, బంతి వెళ్ళిన తరవాత. నాలుగోదానికి వేళ్ళ చివర్లు తగిలాయి. అయిదోది ముప్పై మూడో నిమిషంలో వచ్చింది. అరచేతికి గట్టిగా తగిలి, పోస్టు లోపలి అంచుకు కొట్టుకుని, అయిష్టంగా లోపలికి దొర్లింది. అప్పన్న మోకాళ్ళ మీద లేచి బెంచీ వైపు, నావైపు చూశాడు. వాడి ముఖంలో ఏడుపు లేదు. లెక్క తెగుతున్న పిల్లవాడి ముఖం అది. ఆ ఉత్తరం లేని అర క్షణం వాడికి అందింది. ఆరోది ఆపేవాడు. నాకు తెలుసు.

అప్పుడే చీఫ్ నావైపు తిరిగాడు. చూశాడంతే. 'నీ మాట మీద' అన్న చూపు అది.

మా ఫిజియో మానస్‌దా పక్కనే ఐసు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. వంగి అతని చెవిలో చెప్పాను. "అప్పన్న భుజానికి తగిలింది. తీసుకురా."

"ఎప్పుడు తగిలింది? నేను చూళ్ళేదే!"

"నేను చూశాను."

మానస్‌దా నన్నొకసారి చూశాడు. మంచివాడు, మారు మాట్లాడకుండా సంచీ భుజాన వేసుకుని పరిగెత్తాడు. గోల్‌పోస్టుల ముందు ఇద్దరికీ ఏదో వాదన. అప్పన్న రెండు చేతులూ పైకెత్తి గిర్రున తిప్పి చూపించాడు, బాగానే ఉంది చూడండి అన్నట్టు. నేను గీత దగ్గర నిలబడి, రమ్మని చెయ్యి ఊపాను. సారు రమ్మంటున్నాడు. వచ్చాడు.

బెంచీ మీద కూర్చోబెట్టి, బాగున్న భుజం మీద ఐసుముక్కల సంచీ పెట్టి పట్టీ కట్టాం. ఆ చలిలో, ఆ ఐసు కింద వాడు వణికిపోయాడు. "సారూ, నాకేటీ అవనేదు సారూ" అన్నాడు, రెండుసార్లు. మూడోసారి అనలేదు. బంతి అవతలివైపు ఎటో పోతుంటే దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ముప్పై నాలుగు నిమిషాలు ఆడాడు. ఇండియా జెర్సీలో వాడి జీవితమంతా అదే.

పొడుగు కుర్రాడు ఇంకో మూడు గోల్స్ తిన్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు.

ఎందుకు చేశాను? పిల్లవాడు నలిగిపోతున్నాడని జాలిపడ్డానా? అలా రాసుకుంటే ఈ రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. కాదు. అప్పన్న చెడ్డ గోల్‌కీపరైతే నా మాట తప్పు. వాడికి దెబ్బ తగిలితే తప్పు ఎవరిదీ కాదు. అంతే.

అబద్ధానికి నరాలు పుడతాయి

కొత్తగా వచ్చేవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి. గోలు తిన్న సంగతి మరుసటి వారానికి ఎవరికీ గుర్తుండదు. దెబ్బ తగిలిన సంగతి కాగితం మీదికి ఎక్కుతుంది, అక్కడే ఉండిపోతుంది.

మానస్‌దా ఫారంలో 'ఎడమ భుజం' అని రాయక తప్పలేదు. కింద సంతకం నాది. తరువాతి క్యాంపు జాబితా చేసేటప్పుడు చీఫ్ ఆ కాగితం తిరగేసి, "ఒళ్ళు బాగున్న పిల్లలున్నారు కదా" అన్నాడు. నోరు తెరవాల్సింది నేను. తెరిచాను కూడా. "అవును సార్, తొందరేముంది, తగ్గనివ్వండి" అన్నాను. తరవాత ఒక క్లబ్బువాళ్ళు ఫోన్ చేశారు. "రావ్‌దా, ఆ పొట్టి కుర్రాడికి భుజం సమస్య కదా?" "కొంచెం" అన్నాను. కొంచెం! ఉన్నదాన్ని రెట్టింపు చేసి చెప్పే నోరు, లేనిదాన్ని కొంచెం చేసింది.

ఇంకా దారుణం ఏమిటంటే, ఆరు నెలలకు భుజం నిజంగానే నొప్పెట్టడం మొదలైంది. ఎడమవైపు దూకాల్సి వస్తే అప్పన్న ఒక వెంట్రుకవాసి ఆగేవాడు. పద్ధతి తెలిసిన కన్నుకే అది కనబడుతుంది. పద్ధతి తెలిసిన కన్ను నాది. దెబ్బ లేని చోట నొప్పి ఎలా వస్తుందని ఎవరైనా అడిగితే, నేనొక మనిషిని చూపించగలను. పనికిరానివాడు అనిపించుకోవడం కన్నా దెబ్బతిన్నవాడు అనిపించుకోవడం ఏ పిల్లవాడికైనా సులువు. నేను ఇచ్చిన ఆ సులువును వాడు ఒంటికి తొడుక్కున్నాడు.

ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పైడమ్మ ఆవనూనె వేడిచేసి వాడి భుజానికి రాస్తోంది. వెల్లుల్లి వాసన గదంతా.

"రోజూ రాస్తన్నాను బావూ. ఎంతకీ తగ్గదు. ఏటి సెయ్యాల?"

"రాస్తూ ఉండమ్మా. తగ్గుతుంది" అన్నాను.

అప్పన్న తల ఎత్తలేదు. ఆమె బొటనవేలు వాడి భుజం మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఏమీ కాని చోటును అంత ప్రేమగా వెతకడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. టీ తాగకుండానే వచ్చేశాను.

తరవాత అప్పన్న కార్పొరేషన్‌లో నీళ్ళ పంపు ఆపరేటరుగా చేరాడు. నేను జట్లతో దేశాలు తిరిగాను.

సబ్బు

రిటైరైన ఏడాదికి, చలికాలంలో ఒక పొద్దున మైదాన్‌లో నడుస్తున్నాను. పొగమంచు. ఎక్కడో బంతి చప్పుడు, ఆడపిల్ల గొంతు: "పేయేఛి!" బెంగాలీలో, దొరికింది అని. ఆ చప్పుడు వైపు వెళితే, నడివయసు మనిషొకడు వంగి బకెట్లో బంతులకు సబ్బు రాస్తున్నాడు.

"సారూ! ఇది మీ సబ్బే" అన్నాడు అప్పన్న, ఇరవై ఏళ్ళు మధ్యలో లేనట్టు.

పంపు డ్యూటీ అయ్యాక పిల్లలకు ఆట నేర్పుతున్నాడట. ఆ గొంతు రుబీనాది. మెటియాబ్రుజ్‌లో దర్జీ కూతురు. వాళ్ళ నాన్న ఆమె జెర్సీ మోచేతులకు లోపల దూది పెట్టి, కుట్టు కనబడకుండా కుట్టాడు. పొట్టి పిల్ల. బంతిని తిట్టదు గాని గట్టిగా నవ్వుతుంది.

తరవాత నాలుగేళ్ళు ప్రతి ఆదివారం అక్కడికి వెళ్ళాను. చేతుల గురించి మాట్లాడుకున్నాం, చూపు గురించి, మేకల గురించి మాట్లాడుకున్నాం. భుజం మాట ఇద్దరం ఎత్తలేదు. వాడు పిల్లలకు ఎడమవైపు దూకడం చూపించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఏదో పని కల్పించుకుని మంచులోకి చూసేవాణ్ణి.

పోయిన చలికాలంలో రుబీనా పదిహేడేళ్ళలోపు ఆడపిల్లల ఇండియా జట్టుకు ఎంపికైంది. మొదటి మ్యాచ్ విదేశంలో.

"మ్యాచ్ ఫోన్లో వస్తాదంట సారూ. మధ్యాన్నం మాయింటికి రండి. అమ్మ రమ్మంది" అన్నాడు అప్పన్న.

భవానీపూర్‌లో ఒక మధ్యాహ్నం

అదే గది. పైడమ్మ ఇప్పుడు బాగా వంగిపోయింది. స్టీలు గ్లాసుకు ఫోన్ ఆనించి, ముందర మరమరాలు పోసి, ముగ్గురం మంచం మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నాం. అరచెయ్యంత తెరలో ఆకుపచ్చటి మైదానం. ఎక్కడో చాలా దూరాన, వేలి గోరంత రుబీనా.

మొదటి గోలుకు ఆమె కదల్లేదు. ఇదెప్పుడొచ్చిందన్నట్టు వెనక్కి తిరిగి చూసింది.

అప్పన్న మరమరాలు నోటిదాకా తీసుకెళ్ళి ఆపేశాడు. రెండోదానికి కదిలింది. మూడోదానికి దూకింది. నేను రాసిన పాత లెక్కనే ఎవరో అక్కడ మళ్ళీ చేస్తున్నట్టుంది. విరామం తరవాత నాలుగు. అయిదు. కెమెరా మన బెంచీని చూపించింది. రెండో గోల్‌కీపరు లేచి, చేతి తొడుగులు వేసుకుంటోంది. ఫిజియో పక్కన ఐసు పెట్టె.

"ఓలమ్మో, పాపం గుంట! ఎన్ని తింటాది? బయటికి తీసీండిరా దాన్ని" అంది పైడమ్మ.

"ఒద్దమ్మా. ఉండనీ" అన్నాడు అప్పన్న. వాడి కుడిచెయ్యి తెలియకుండానే ఎడమ భుజం మీదికి వెళ్ళింది.

"ఏటి ఉండనీ? నీకు దెబ్బ తగిలితే సారు ఎంటనే తీసీనేదా? అలగ సూసుకునీ మనిసుండాల."

అప్పుడు చెప్పాను. ఎలా చెప్పాలో ఇరవై ఏళ్ళ పైనే సాధన చేశాను. ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"పైడమ్మా, వాడికి దెబ్బ తగల్లేదు. నేనే అబద్ధమాడాను. నా మాట పోతుందని."

ఫోన్లో జనం అరుస్తున్నారు. ఆమె తెర మీదినుంచి కళ్ళు తియ్యలేదు.

"తెలుసు బావూ."

అప్పన్న తల్లి వైపు తిరిగాడు. "నానెప్పుడూ సెప్పనేదే!"

"నివ్వు సెప్పాలేటి? నూనె రాసినదాన్ని నాను. దెబ్బో కాదో సేతికి తెల్దా? వాపు నేదు, వేడి నేదు, ఏటీ నేదు."

"మరెందుకు రాసినావే అన్నాళ్ళు?"

"ఏటి సెయ్యమంటావు? రోజూ వొచ్చి నా ముందర కూకునీవోడివి. ఏటీ అవనేదురా అంటే ఇంకా సిన్నబోతావని." మరమరాలు పక్కకు జరిపింది. తరవాత నావైపు చూసింది. కోపం ఉంటుందనుకున్నాను. చాలా ఏళ్ళుగా ఎదురుచూసిన బస్సు వచ్చిందన్నట్టుంది ఆ చూపు. "మీరు సెప్తారని సూసినాను బావూ. శానా లేటు సేసినారు."

తెర వైపు తిరిగాం. తొడుగులు వేసుకున్న అమ్మాయి మళ్ళీ బెంచీ మీద కూర్చుని ఉంది. ఆ కోచ్ ఎవరో నాకు తెలియదు, చిన్న వయసు. గీత దగ్గర నిలబడి రుబీనాకు చెయ్యి ఊపుతోంది, రమ్మని కాదు, ఉండమని. మనసులోనే ఆమెకు దణ్ణం పెట్టాను.

ఆరోది ఆపుతుంది చూడు, అన్నాను అప్పన్నతో. నా సిద్ధాంతం అది. ఆరోది కూడా గోలే అయింది. సిద్ధాంతం అక్కడే కూలిపోయింది. ఏడోది వచ్చింది. అడుగు వెనక్కి వెయ్యకుండా, భుజం తిప్పకుండా, నడుస్తూ నడుస్తూ కొట్టారు. రుబీనా అప్పటికే ఎడమవైపు గాలిలో ఉంది. బంతి ఆమె చేతుల్లో అలా ఉండిపోయింది. ఫోన్ కూడా ఆ క్షణంలోనే ఆగింది, సిగ్నలు లేక. గాలిలో పడుకున్న ఆ పిల్లను ముగ్గురం ఎంతసేపు చూశామో చెప్పలేను.

అరగంట తరవాత రుబీనాయే ఫోన్ చేసింది. ఏడుస్తూ బెంగాలీలో ఏదో అంది. అప్పన్న విని, తనూ ఆ భాషలోనే, "ఆరు గోల్స్ సంగతి నాకెందుకు? ఎన్ని నిమిషాలు ఆడావో చెప్పు" అన్నాడు. అవతల ఏం చెప్పిందో నాకు వినబడలేదు. అప్పన్న ఆ అంకెను నెమ్మదిగా పైకి అన్నాడు: "తొంభై."

ఆదివారం పొద్దున మైదాన్‌కు వెళ్ళేసరికి పొగమంచు ఇంకా విడలేదు. పిల్లలు రాలేదు. మేకలున్నాయి. అప్పన్న గోల్‌పోస్టుల మధ్య నిలబడి, "సారూ, ఎడమకి ఎయ్యండి" అన్నాడు. వేశాను. బంతి మంచులో కలిసిపోయింది. ఆపైన ఎవరో గడ్డి మీద బరువుగా పడిన చప్పుడు. 'దొరికింది' అన్న కేక మాత్రం రాలేదు. వెళ్ళి చూస్తే బంతిని గుండెలకు హత్తుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కళ్ళు పైకి. నేనూ చెప్పులు విప్పి పక్కన పడుకున్నాను. ఆకాశం లేదు, తెల్లదనమే. ఏ దేశమైనా కావచ్చు.

తీరా లేవబోతే లేవలేకపోయాను. మోకాళ్ళు మాట వినలేదు. అప్పన్న లేచి, నవ్వుతూ ఎడమ చెయ్యి అందించాడు. ఒక్క లాగుడుకు నిలబెట్టేశాడు.

నా బరువు ఎనభై రెండు కిలోలు. ఇది మాత్రం పెంచి రాయలేదు.